ఒర కుదిరిన రోజు

బ్యాంకు గుమ్మంలో నిలబడే గార్డమ్మకు మాటిమాటికీ బెల్టు పైకి లాక్కోవడం అలవాటు. ఇన్నాళ్లూ లాఠీతో సరిపెట్టిన ఆఫీసు ఇప్పుడు పిస్టల్ ఇస్తానంది. అందుకు పెట్టే పరీక్షలో ఈల వినగానే నడుముకున్న ఒరలోంచి దాన్ని చటుక్కున తీసి చూపించాలి, అంతే. ఆవిడ కాళ్లు నేల మీద నిలవడం లేదు. తీరా ఇచ్చిన ఒర మగవాళ్ల నడుముకు చేసినది. ఆవిడ తుంటి మీద అది ఎత్తుగా కూర్చుంది; ఆఫీసులో పిస్టల్ పెట్టి చూస్తే పిడి డొక్కలో పొడిచింది. వారమంతా వంటింట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని బిగించడం, వదులు చేయడం ఇదే పని. "అత్తా, ఒర మార్చే కంటే నడుము మార్చుకోవడం తేలిక," అని మేనకోడలు ఏడిపించింది. "వాగింది చాల్లే, ఆ వాషరు ఇటివ్వవే," అంది ఆవిడ. చివరికి ఒరను కిందికి దించి, ఒంటికి కాస్త ఎడంగా పట్టి ఉంచే ఇనుప కొక్కెం ఒకటి బజార్లో దొరికింది. అద్దం ముందు పిస్టల్ బదులు దువ్వెన దూసి, తనే ఈల వేసుకుంది.

పరీక్షలో తన వంతు రాగానే ఉత్సాహం కొద్దీ దిగ్గున లేచింది. కొక్కెం కుర్చీ చేతికి తగులుకుని, కుర్చీ కూడా ఆవిడతో పాటే లేచింది. హాలంతా గొల్లుమంది. అప్పటికే ఆఫీసరు ఈల ఊదేశాడు. ఆవిడ కుర్చీ వైపు చూడనైనా లేదు. అది అలా వేలాడుతుండగానే ఖాళీ పిస్టల్‌ను రెప్పపాటులో దూసి నిలబడింది.

"ముందా కుర్చీ వదిలించుకోమ్మా," అన్నాడు ఆఫీసరు నవ్వాపుకుంటూ.

"పాసా, ఫెయిలా చెప్పండి సార్, వదిలించుకుంటా."

"పాసే తల్లీ!"

ఆవిడ మొహం చేటంత అయింది. "ఇంకోసారి తీసి చూపించనా సార్?" అంది, కుర్చీతోనే.