ఎనిమిదో డిస్కు

మా మేనమామ పోయాడని ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నంద్యాలలో బడికి బయలుదేరుతున్నాను. ఏడుపు కంటే ముందు, ఆయన మీద నాకున్న కోపం గుర్తొచ్చింది. పోయిన మనిషి గురించి ఇలా రాయవచ్చో లేదో ఇంకా తేల్చుకోలేకుండా ఉన్నాను.

బస్సు కండక్టరుగా రిటైరైనాక ఆయనకు పట్టిన పిచ్చి, పాత టీవీ సీరియళ్ల డిస్కులు. నంద్యాలలో వీడియో షాపు ఏదైనా మూసేస్తున్నారంటే చాలు, పొద్దున్నే వచ్చి గోనెసంచుల ముందు గొంతుక్కూర్చునేవాడు. సినిమా టికెట్టు ధరకు సంచెడు డిస్కులు. ఒక సీరియల్ కవర్లో మరో సీరియల్ ఉంటుంది. మూడోది దొరికితే నాలుగోది దొరకదు. అన్నీ కుదిరిన రోజు మాత్రం మా ఇంటికొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, "దొరికిందమ్మే! పారేసినట్టు ఇచ్చినాడు" అని మురిసిపోయేవాడు. మంచినీళ్లిస్తే పక్కన పెట్టి, గీతలున్నాయేమోనని డిస్కును వెలుతురుకు తిప్పుకుంటూ కూర్చునేవాడు. ఆ సంబరం చూస్తే నాకూ బాగుండేది. కాదనను.

అలా కొని, ఊళ్లోవాళ్లకు ఒక్కో డిస్కుగా వరుసలో ఇచ్చేవాటిలో ఎనిమిది డిస్కుల సీరియల్ ఒకటి. తొంభైలలో దాన్ని వారం వారం చూసి, పురిటికి పోయి చివరి నాలుగు వారాలూ పోగొట్టుకున్నాను. అందులో ఇల్లు విడిచిపోయిన తల్లి తిరిగొచ్చిందో లేదో పన్నెండేళ్లుగా నాకు తెలియదు.

"మామా, ఎనిమిదోది ఇయ్యి. రేపే తెచ్చిస్తా."

"ఒకటోది తీస్కపో. అది తెచ్చిస్తే రెండోది."

"ముందువన్నీ చూసినాను కదా!"

"పన్నెండేండ్ల కింద చూసింది యాడ గుర్తుంటాది? అయినా నీకు ముందు ఐదిండ్లోళ్లు ఉండారు. టీచరువైతే వరుస లేదా?"

రిటైరైనా ఆయనకు ఊరంతా బస్సే. మేనకోడలికైనా సీటు ఆపేవాడు కాదు. నేను అలిగి రెండు నెలలు ఆ గడప తొక్కలేదు. అప్పుడే ఒకటో డిస్కు తెచ్చుకుని ఉండాల్సిందేమో. మళ్లీ, ఒక్క డిస్కు ఇస్తే ఆయన సొమ్మేం పోయేదని చిరాకూ వేస్తుంది.

ఆయన పోయిన మూడో రోజు, అత్త చుట్టాలతో వసారాలో ఉండగా, బీరువా తెరిచి ఎనిమిదో డిస్కు బ్యాగులో వేసుకున్నాను. అడ్డు చెప్పేవాళ్లు లేరు. బయటికొస్తుంటే, వీధి చివర రవికలు కుట్టే ఆమె వచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తర్వాత నా దగ్గరికొచ్చి, కొంగు విప్పి ఏడో డిస్కు నా చేతిలో పెట్టింది.

"ఇట్లాంటప్పుడు అడగకూడదు గానీ టీచరమ్మా... ఎనిమిదోది యాడ పెట్నాడో చూస్తావా? తర్వాత నేనే అని చెప్పినాడు."

కనబడలేదని చెప్పబోయాను. పోయి కూడా నన్ను వరుసలో నిలబెట్టాడు ఈయన! బ్యాగులోంచి తీసి ఇచ్చాను.

"నువ్వు చూసినావా?"

"లేదక్కా."

"అయ్యో! ఆ తల్లి ఏమైందో రేపొచ్చి చెప్తాలే."

"చెప్పొద్దు," గట్టిగానే అన్నాను. "నేను ఒకటోది నుంచి చూస్తా."

ఆమె డిస్కు మధ్య రంధ్రంలో వేలు దూర్చి, పెద్ద ఉంగరంలా పట్టుకుని ఎండలో నడిచిపోయింది. మలుపు తిరిగేదాకా గోడల మీద దాని వెలుగు ముక్క ఆమెకంటే ముందు పరుగెడుతూనే ఉంది.