వడ్డాణం వెనుక వైపు

ప్రొద్దుటూరులో పాత బంగారం కరిగించేటప్పుడు, అది ముద్ద అయ్యేదాకా సొంతదారు కుంపటి ముందు నుంచి కదలడు. పులివెందుల నుంచి వచ్చిన పెద్దమనిషి కూడా అట్లే కూర్చున్నాడు. తన దగ్గరున్న పాత వడ్డాణం కరిగించి, అదే పోలికలో, తేలికగా, ఇద్దరు మనవరాళ్లకు రెండు వడ్డాణాలు చేయించుకుంటాడట. కరిగించబోయేది మాత్రం ఒకప్పటి మా ఇంటి వడ్డాణం.

నడుమ గండభేరుండం. ఒక కంటి కెంపు రాలిపోతే లక్క నింపిన గుర్తు. మా నాయన అమ్మేనాటికి నేను పిల్లవాణ్ణి, అయినా మరిచిపోలేదు. అతను వచ్చిన నగల అంగడిలోనే కంప్యూటర్ మీద నగల నమూనాలు తయారుచేసే ఉద్యోగం నాది. అది మాదని నా ముఖం చూసి ఒక్కరికీ తెలియకూడదనుకున్నాను. పళ్లెంలో ఉన్నదాన్ని ఉన్నట్టే ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని ఇచ్చేశాను. కాసేపటికే అది కుంపటిలో ముద్దయింది.

జమ్మలమడుగులో మా మేనత్తను ఆస్పత్రివాళ్లు ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మన్నారు. దాన్ని కట్టుకుని పెళ్లిపీటల మీద కూర్చున్న చివరి మనిషి ఆమె. ఫోన్‌లో సంగతి చెప్పి, ఫొటో తెస్తానన్నాను.

"ఫొటో ఏం చేసుకునేదిరా? తిప్పి తిప్పి చూడాలని ఉండాది నాకు."

కంప్యూటర్‌లో నమూనా చేస్తే తిప్పి చూపవచ్చు. కానీ నా ల్యాప్‌టాప్ మొరాయించింది. అందులో పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నా, సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలి చిన్నదానితోనే నెట్టుకొచ్చేది. బంగారం బురదలా కనిపించేది. తిప్పబోతే బొమ్మ చెదిరి ఆగిపోయేది.

"పేరుకు పెద్ద కార్డు, పనికి మాత్రం లేదు. మీ ఇంటి మాదిరే ఉండాది మామా!" అన్నాడు అంగడిలో నా పక్క సీటువాడు.

ఎగతాళికి జవాబిచ్చే అలవాటు మా ఇంట్లో లేదు. పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేశాను. అప్పటికీ కార్డు పని అందుకోలేదు. బ్యాటరీ ఆదా కోసం ల్యాప్‌టాపే దాన్ని నిద్రపుచ్చుతోందని ఆలస్యంగా తెలిసింది. ఆ సెట్టింగ్ మార్చి, చార్జర్ పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద కార్డునే ఎంచుకున్నాను. ఫ్యాను హోరుమంది. బంగారం బంగారమైంది. తిప్పితే కెంపుల్లో వెలుగు కదిలింది.

బస్సెక్కి అత్త దగ్గరికి వెళ్లి, ల్యాప్‌టాప్‌ను మంచం మీద ఆమె పక్కన పెట్టాను.

"అదేరా! ఒంటికన్ను పక్షి!" అత్త నవ్వింది. ఆమె నవ్వి చాలా కాలమైంది. "తిప్పు. ఇంకా తిప్పప్పా, వెనక్కి."

వెనక్కి తిప్పాను. వెనుక అంతా గుంట. బరువు తగ్గాలని అంగడిలో ప్రతి నగ నమూనాకూ వెనుక తొలుస్తాం. అలవాటు కొద్దీ నా చేయి దీన్నీ తొలిచింది.

"ఇదేందిరా, వట్టి డొల్ల! మా అవ్వ నడుము, మా అమ్మ నడుము రాసుకోని అరిగిన పక్క అది. అద్దం మాదిరి నున్నగుండేది. కట్టుకుంటే సల్లగా తగిలేది. నువ్వు చూడల్యా?"

"తిప్పి చూడలేదత్తా."

"యాల?"

"నలుగురూ ఉండ్రి."

అత్త కోప్పడలేదు. మా నాయన అమ్మి వచ్చిన రోజు ఆమె కూడా నలుగురిలో ఏడవలేదు.

"సరేలే. ముందు పక్కకే తిప్పు."

తిప్పాను. గండభేరుండం మళ్లీ మెరిసింది. అత్త కళ్లు మూసుకుంది. దుప్పటి కింద ఆమె చెయ్యి మెల్లగా నడుము మీదకు జరిగింది.