గంప అడుగున నాయిన రొట్టె

రాయచూరు బస్సు ఆగిన చప్పుడు వింటే చాలు, మా పిల్ల చేతిలోది అక్కడే పడేసి గుమ్మంలోకి పరుగెత్తేది. గద్వాలలో మా రొట్టెల హోటల్ బస్టాండుకు పోయే దారిలోనే ఉంది. బొంబాయికి కూలి పనికి పోయిన మా పాలమూరు వాళ్ళు రాయచూరు దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి ఆ బస్సెక్కుతారు. సంచులు భుజానేసుకుని, నిద్రలేని మొహాలతో దిగుతారు. మా పిల్ల ఒక్కొక్క మొహాన్నీ చూసి, అందరూ వెళ్ళిపోయాక లోపలికి వచ్చి మళ్ళీ పుస్తకం ముందు కూర్చునేది. ఒకటో తరగతి పిల్ల కదా, బస్సుల పిచ్చి అనుకున్నాను. అంతకంటే నా బుర్రకు తట్టలేదు.

మా పిల్ల అంటే ఆమె కడుపున పుట్టి, నా చేతుల్లో కూడా పెరిగిన పిల్ల. ఆమె అంటే నా మనిషి. మేమిద్దరం ఆడవాళ్ళం. మా మధ్య ఉన్నది మొగుడూ పెళ్ళాల మధ్య ఉండే ప్రేమే, కాకపోతే కొట్లాటలు కాస్త ఎక్కువ. ఇంత సూటిగా చెప్పడం ఈ మధ్యనే నేర్చుకుంటున్నాను.

నాది అయిజ దగ్గర పల్లె. పెళ్ళిచూపులకు వచ్చిన ప్రతివాడికీ ఒక వంక పెట్టేదాన్ని. ఒకడి మీసం బాగాలేదన్నాను, ఒకడు చాయ్ జుర్రుతున్నాడన్నాను. నాకు మగవాడితో కాపురమే వద్దని తెలుసు, దాన్ని మా ఇంట్లో ఏ మాటతో చెప్పాలో తెలియలేదు. చివరికి నాగర్‌కర్నూలులో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరి బతికిపోయాను. ఆమె అక్కడికి చంటిపిల్లను చంకనేసుకుని వచ్చింది. వనపర్తిలో చేసిన పెళ్ళి అప్పటికే పెద్దమనుషుల మధ్య తెగిపోయింది. అతను ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, పిల్ల ఎట్లా ఉందని ఏనాడూ అడగలేదు. "ఆయన చెడ్డోడేం కాదు. నేనే ఆయనకు పెండ్లాన్ని కాలేకపోయిన" అని ఆమె అంటే, ఆ మాట నేనే అన్నట్టు అనిపించింది. ఆ రోజే ఆమె మీద మనసు పడింది. ఆమెకు నామీద పడటానికి మాత్రం ఒక ఏడాది పట్టిందని ఇప్పటికీ నేను దెప్పుతుంటాను.

హోటల్ పెడదామని గద్వాలకు వచ్చినప్పుడు ఈ షట్టర్ చూశాం. ఓనర్ పెద్దాయన మా ఇద్దర్నీ, పిల్లనూ పైనుంచి కిందికి చూసి, "మీ మొగోళ్ళేరమ్మా?" అన్నాడు. అంతకుముందు రెండు చోట్ల ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయి వచ్చాం. నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నా నోరు నా మాట వినదు.

"బొంబై పోయిండ్రు. అన్నదమ్ములు. మేం యారాండ్లం" అన్నాను.

తోడికోడళ్ళమని చెప్పేశానన్నమాట. ఆమె నా వైపు గుడ్లురిమి చూసింది. ఓనర్ మాత్రం తృప్తిగా తలూపాడు. మా వైపు ఇంటికొక్కరైనా బొంబాయి పోయినవాళ్ళు ఉంటారు, అందుకని ఎవరూ మళ్ళీ అడగలేదు. ఇద్దరికీ నల్లపూసలు కొనాల్సి వచ్చింది. అద్దం ముందు నిలబడి ఆమె మెడలో నేను కట్టాను, నా మెడలో ఆమె కట్టింది. నవ్వుతూనే మొదలుపెట్టాం. ముడి వేసేటప్పటికి ఇద్దరికీ నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి ఆమె నా మెడలోని పూసలను వేళ్ళతో తిప్పుతూ, "గిది ఉత్తదేనా?" అని అడిగింది. కాదన్నాను.

జనం ముందు నేనామెను అక్కా అనాలి. అన్నప్పుడల్లా ఆమె పెదవి కొరుక్కుంటుంది. పిల్ల నన్ను చిన్నమ్మా అంటుంది. పనిలో కూడా పంపకం ఉంది. ఆమె జొన్న రొట్టె తడుతుంది, నేను పెనం మీద కాలుస్తాను. మాట్లాడే తీరిక ఉండదు కాబట్టి ఆమె కోపమంతా ఆ తట్టడంలోనే తెలిసిపోతుంది. కోపం వచ్చిందంటే రొట్టె పలచబడి, నేను తిప్పేలోపు చిరిగిపోతుంది. గిరాకీలకు అది తెలియదు. పల్లి పచ్చడి ఇంకొంచెం వెయ్యమంటారు, అంతే.

గంప అడుగున ఒక రొట్టె ఉంచడం మా అమ్మ అలవాటు. మా ఇంట్లో మగవాళ్ళు వలస పోయేవాళ్ళు. ఏ బస్సుకు ఎవరు వచ్చి దిగుతారో తెలియదు, వచ్చినవాడు ఆకలితో పడుకోకూడదని అమ్మ గంపను ఎన్నడూ ఖాళీ చేయలేదు. హోటల్లో నేనూ అదే చేస్తాను. మా పిల్ల ఆ రొట్టె మీద ఒక చిన్న ఉల్లిగడ్డ పెట్టడం మొదలుపెట్టింది. ముద్దొచ్చి, ఆటలే అనుకున్నాను.

ఒక సంత రోజు మధ్యాహ్నం, రాయచూరు బస్సు దిగిన మనిషి ఒకాయన వచ్చి బోటి కూర, రొట్టె చెప్పాడు. పక్కన రెగ్జిన్ సంచి పెట్టుకున్నాడు, చెప్పుల మీద సిమెంటు మరకలు. నేను ఇవ్వకముందే మా పిల్ల గంప అడుగు నుంచి ఆ రొట్టె తీసింది, ఉల్లిగడ్డతో సహా తీసుకెళ్ళి ఆయన పళ్ళెంలో పెట్టింది. ఎదురుగా నిలబడి ఆయన మొహం చూసింది.

"నువ్వు బొంబై నుంచి వచ్చినవా?"

"ఔ బిడ్డా."

"మా నాయిన నువ్వేనా?"

హోటల్లో అందరూ తినడం ఆపారు. ఆయన నోట్లో ముద్ద అట్లాగే ఉంది. నీళ్ళు తాగి, మెల్లగా అన్నాడు: "కాదు బిడ్డా. మాది మల్దకల్. నాకు మా పిల్లలున్నరు."

"మరి మా నాయిన ఆడ నీకు కనవడ్డడా?"

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకుని రొట్టె తిప్పాను. "బొంబై శాన పెద్దగుంటది తల్లీ" అన్నాడాయన. ఆ రొట్టె మొత్తం తిన్నాడు. వెళ్ళేటప్పుడు పిల్ల తల మీద చెయ్యి పెట్టి వెళ్ళాడు. ఆమె చేతిలో పిండి ముద్ద కదలలేదు. ఊరికి చెప్పిన మాటను మా పిల్ల ఒక్కతే మనసారా నమ్మింది. అది నమ్ముతుందన్న ఆలోచనే మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

గిరాకీ తగ్గాక షట్టర్ సగం దించి కొట్లాడుకున్నాం.

"దానికి నిజం చెప్పాలె. ఇయ్యాలనే" అన్నాను.

"చెప్తవు. అది బడిల చెప్తది. బడి నుంచి ఓనర్‌కు పోతది. షట్టర్ ఖాళీ చేయమంటడు. అప్పుడేం చేస్తవే? మళ్ళ నాగర్‌కర్నూల్ పోయి హాస్టల్ గంజులు కడుగుదమా?"

"బస్సు వచ్చినప్పుడల్లా అది గట్ల ఉరుకుతుంటే నువ్వు చూస్తవా?"

"బొంబై అన్నది నువ్వు!" అని ఆమె ఏడ్చింది. "నా బిడ్డను నా నుంచి గుంజుకపోతరేమోనని నాకు దినాం పరేషానే. నీకేం తెల్వదు."

"నా బిడ్డ" అన్నందుకు నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అయినా దగ్గరికి తీసుకున్నాను. పిండి అంటిన చేతులతోనే నన్ను గట్టిగా పట్టుకుంది. చివరికి చెబుదామంది. ఒక షరతు పెట్టింది: ఎవరికీ చెప్పొద్దని పిల్లను కట్టడి చేయకూడదు. "దాని నోటికి తాళం వేయొద్దు. ఏమైతే అది అయితది" అంది. నాకంటే పిరికిదనుకున్న మనిషి అన్న మాట అది.

మరునాడు సాయంత్రం, బడి నుంచి వచ్చాక, పిల్లను మధ్యన కూర్చోబెట్టుకున్నాం. బొంబాయిలో ఎవరూ లేరనీ, నిన్ను కన్న నాయిన వేరే ఇంట్లో వేరే మనుషులతో ఉన్నాడనీ, అతను రాడనీ చెప్పాం. నేనూ అమ్మా యారాండ్లం కాదనీ, ఒకరినొకరు ఇష్టపడి కలిసి ఉంటున్నామనీ, నువ్వు మా ఇద్దరి బిడ్డవనీ చెప్పాం. అది మా మొహాలు మార్చి మార్చి చూసింది.

"మరి గంపల రొట్టె ఎవరిది?" అంది.

"ఆకలితో వచ్చినోళ్ళది" అన్నాను.

"ఓనర్ తాతకు ఎరుకనా, ఆయన రాడని?"

"ఎరుక లేదు."

"ఎరుకైతే ఏమంటడు?"

ఆమె నా వైపు చూసింది. "ఏమంటడో మాకూ తెల్వదు బిడ్డా" అన్నాను. అది లేచి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఏడ్చిందేమో తెలియదు, మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు.

ఆ తర్వాత రాయచూరు బస్సు వచ్చినా అది లేవలేదు. అలా లేవకపోవడం నాకు ఇంకా కష్టంగా ఉండేది. నేనే ఆ చప్పుడుకు ఉలిక్కిపడి దాని వైపు చూసేదాన్ని. బడిలో చెప్పిందో లేదో అడగాలని నోటి దాకా వచ్చేది. ఆమె షరతుకు ఒప్పుకున్నాను కాబట్టి అడగలేదు. ఓనర్ పెద్దాయన భోజనానికి వచ్చినప్పుడల్లా ఆయన మొహంలో ఏదైనా మారిందా అని వెతికేదాన్ని. రొట్టెలు మాడ్చాను. "ఏందే, నీ ధ్యాసేడున్నది?" అని ఆమె కసిరేది.

దసరా దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం పెద్దాయన తలకాయ కూరతో తింటూ, పక్క బల్ల మీద లెక్కలు రాసుకుంటున్న మా పిల్లను పలకరించాడు.

"ఏమ్మా, మీ నాయిన పండుగకన్నా వస్తడా?"

నా చేతిలో రొట్టె అట్లాగే ఆగింది. లోపల తట్టే చప్పుడూ ఆగింది. మా పిల్ల పెన్సిల్ పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది.

"దసరాకు రాడంట తాతా. సెలవు ఇస్తలేరంట. పెద్ద బిల్డింగ్ కడ్తున్నరంట, లిఫ్ట్ గిట్ట పెడుతున్నరంట. నిన్న ఫోన్ చేసిండు. నాకు గౌను తెస్త అన్నడు. చిన్నాయిన కూడ వస్తడంట, ఇద్దరూ ఉగాదికి వస్తరంట."

ఎక్కడా తడబడలేదు. పెద్దాయన "మంచిది, మంచిది" అని మళ్ళీ పళ్ళెంలోకి వంగాడు. అది లేచి నా దగ్గరికి వచ్చింది, నా భుజం పట్టుకుని చెవిలో అడిగింది: "మంచిగ చెప్పిననా చిన్నమ్మా?"

నేను నోరున్నదాన్నని పేరు. పెనం మీది రొట్టె మాడి పొగ లేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. మేము దాని నోటికి తాళం వేయలేదు, అదే వేసుకుంది. మా ఇద్దర్నీ కాపాడటానికి, ఆరేళ్ళ పిల్ల, తనకు లేని నాయినకు సెలవు కూడా అడిగి పెట్టింది.

ఆమె లోపలి నుంచి వచ్చింది. చేతుల నిండా పిండి. తుడుచుకోలేదు. పెద్దాయన ఎదురుగా నిలబడింది.

"అది చెప్పింది నిజం కాదు తాతా. మేం చెప్పిన అబద్ధమే అది మోస్తున్నది. బొంబైల మాకెవ్వరు లేరు. మేం యారాండ్లం కాదు. ఆమే నా మనిషి, నేను ఆమె మనిషిని. ఈ పిల్లకు తల్లిదండ్రులం మేమిద్దరమే."

అక్కడున్న నలుగురూ విన్నారు. పెద్దాయన మిగిలిన రొట్టె తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కండువాతో తుడుచుకున్నాడు. మా ముగ్గుర్నీ ఒకసారి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. రేపు షట్టర్ తీయనిస్తాడో లేదో ఆ నడకలో తెలియలేదు. ఆమె బల్ల మీద కూర్చుంది. నేను వెళ్ళి అందరి ముందే పక్కన కూర్చుని ఆమె పిండి చేతిని నా చేతిలోకి తీసుకున్నాను.

పిల్ల మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. గుమ్మం వైపు చూసి, మళ్ళీ మా వైపు చూసింది.

"అయితే ఇంక నేను చెప్పేది లేదా?"

"లేదు బిడ్డా."

"ఉగాదికి కూడ?"

"ఉగాదికి కూడ" అంది ఆమె. అప్పుడు ఏడ్చింది మా పిల్ల, మా ఇద్దరి ఒళ్ళో తల పెట్టి, గట్టిగా, అందరూ వినేట్టు.