చెప్పులేసుకున్నాక భోజనం

ఆ రోజుల్లో మా ఊళ్ళో రచయితకి పెద్ద గిరాకీ ఉండేది కాదు. సముద్రం ఒడ్డున ఊరు. ఉప్పుగాలికి ఇనప గేట్లే తుప్పుపట్టిపోతుంటే ఇక నా ప్రతిభ ఏపాటి? ఎవరింట్లో వోణీల ఫంక్షనైనా, ఎవరు పోయినా, ఫ్లెక్సీ మీదికి నాలుగు ముక్కలు రాసిపెట్టమని మాత్రం వచ్చేవారు. (శ్రద్ధాంజలిలో నాది అందె వేసిన చెయ్యి.) అసలు సాహిత్యసేవంతా మా మేనమామ కొట్టు మేడ మీది గదిలో జరిగేది. కింద మావయ్య వేటకి వెళ్ళేవాళ్ళకి వలలూ తాళ్ళూ అమ్మేవాడు. ఆయన కూతుర్ని నాకిచ్చే మాట ఇంట్లో నలుగుతోంది.

అలాంటి మావయ్య మీద కథ రాశాను. రాయకుండా ఉండలేకపోయాను మరి. మా వైపు గుమ్మం ఎక్కినవాళ్ళని భోజనానికి పిలవకపోతే పరువు పోతుంది. పిలిస్తే బియ్యం పోతాయి. మావయ్య రెండూ కాపాడుకున్నాడు. వచ్చినాయన చెప్పులేసుకుని, బండి స్టార్ట్ చేశాక, "అయ్యయ్యో, భోంచేసి వెళ్ళండీ!" అంటూ వీధిలోకి పరిగెత్తుకొచ్చేవాడు. ఓసారి ఒకాయన (పెద్దాపురం నుంచి వచ్చిన అమాయకుడు) నిజంగానే బండి ఆపేస్తే, మావయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు.

కథ ఓ వెబ్ పత్రికలో వచ్చింది. మావయ్య అలాంటివి చూడడులే అని నా ధైర్యం. మర్నాటికల్లా ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాడు. "ఒరేయ్ అల్లుడూ, కిందికి రా!" అని కేక వినిపించింది. పిల్ల చెయ్యి జారిపోయిందనుకుంటూ మెట్లు దిగాను.

మావయ్య కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "ఎదురు కొట్టాయన్ని భలే పట్టేశావురా! అచ్చం ఆయనే!" అంటూ, వల కొనడానికొచ్చిన వాళ్ళకి ఫోన్లో కథంతా చదివి వినిపించాడు. వాళ్ళు నవ్వాపుకుంటూ లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టగానే, "అయ్యయ్యో, భోంచేసి వెళ్ళండీ!" అన్నాడు. ఎదురు కొట్లోనూ అదే కథ, అదే నవ్వు. ఆయన వేలు మాత్రం మా కొట్టు వైపు చూపిస్తోంది.

అత్తయ్య ఒక్కతే నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "మీ మావయ్యే కదరా? చెప్పకు నాయనా. సంబరపడుతున్నారు, పడనీ" అంది. ఆ నెల్లోనే తాంబూలాలు పుచ్చుకున్నాం. నాలాంటి లోకజ్ఞానం గల అల్లుడు దొరకడని మావయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

మొన్న మా ఊరి అమ్మాయొకతె కథ రాసింది. అందులో ఒక పెద్ద రచయిత. కొత్తవాళ్ళెవరైనా కథ పట్టుకొస్తే గంటసేపు తన గొప్పలే చెప్పుకుని, వాళ్ళు గేటు దాటి వెళ్ళిపోతుంటే, "అయ్యో, నీ కథ ఉంచి వెళ్ళు తల్లీ, చదువుతాను కదా!" అని అరుస్తాడు. నవ్వలేక చచ్చాను. "కాలవ అవతలి కవిగార్ని భలే పట్టేసిందే!" అంటూ మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. ఆవిడ వాళ్ళమ్మలాగే నన్ను జాలిగా చూసి, "అవునండీ, ఆయనే" అని కాఫీ చేతికిచ్చి వెళ్ళిపోయింది.

కాఫీ సగం తాగాక గానీ నాకు వెలగలేదు. మావయ్య ఉంటే ఎంత బాగుండేదో. ఇద్దరం కొట్టు అరుగు మీద కూర్చుని, ఎదురు కొట్టు వైపు చూస్తూ హాయిగా నవ్వుకునేవాళ్ళం.