ఆకులో, చేతిలో, బండలో

కాలేజీలో చేరిన ఏడాది నాకొక పిచ్చి పట్టింది. సినిమాల పిచ్చి కాదు, ‘సిర’ అనే మాట పిచ్చి. ఎనభైల మొదట్లో అనంతపురంలో సైన్సు చదివే ఆడపిల్లలమే కొద్దిమందిమి. అందులో ఒక మాట వెంటబడి తిరిగినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మొదట బోటనీ మేడమ్ ఒక కానుగాకును కిటికీ వెలుతురుకు పట్టి చూపించారు. మనం ఇంట్లో ఈనెలంటామే, వాటికే సిరలని ఇంకో పేరు. వేరు తాగిన నీళ్లు వాటి గుండానే ఆకు కొసదాకా పోతాయన్నారు. కొన్నాళ్లకు జువాలజీలో కప్పను కోశాం. ఒళ్లంతా తిరిగిన రక్తాన్ని మళ్లీ గుండెకు చేర్చే నాళాలు కూడా సిరలే. సరే, ఆకూ కప్పా రెండూ ప్రాణమున్నవే కదా, చుట్టరికం ఉంటే ఉండనీ అనుకున్నాను. ఆ తర్వాత జియాలజీ సారు మమ్మల్ని ఊరి బయట గుట్ట దగ్గరికి నడిపించుకొని వెళ్లారు. రోడ్డు కోసం గుట్టను చీల్చిన చోట, నల్లటి బండ లోపల ఒక తెల్లటి చార కింది నుంచి పైకి పాకి రెండుగా చీలింది.

“ఇదీ సిరే” అన్నారు సారు. “భూమి లోపల బండ పగిలితే ఆ పగుల్లోకి మరిగే నీళ్లు ఎక్కాయి. అవి మోసుకొచ్చిందంతా పేరుకొని ఇట్లా పలుగురాయి అయింది. ఒకప్పుడు ఇక్కడ పారింది. మనిషి పుట్టకముందే ఆగిపోయింది.”

నేను ఆ చార మీద చెయ్యి పెట్టాను. ఎండకు కాలిపోతోంది. ఆకులోనూ, కప్పలోనూ, నా మణికట్టులోనూ ఉన్నదే ఈ మొండిగుట్టలోనూ ఉందంటే ఒళ్లు జలదరించింది. పక్కనున్న పిల్ల “ఏమే, బండకు జరమొచ్చినాదా, నాడి చూస్తాండావు?” అంది. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారులే, నేను మాత్రం చెయ్యి తియ్యలేదు.

మా పల్లె బుక్కరాయసముద్రం దాటి ఇంకొంచెం లోపలికి ఉంటుంది. వానలు మొహం చాటేసి మా బావి ఎండిపోతే, నాయన ఇద్దరు మనుషుల్ని తోడు పెట్టుకొని దాన్ని ఇంకా లోతుకు తవ్వుతున్నాడు. సాయంత్రం సారు చెప్పింది ఆయనకు చెప్పాను. గునపం గోడకానించి శ్రద్ధగా విన్నాడు.

“ఆ తెల్లరాయి మన బావిలోనూ ఉండాది. దాని పక్కన పగులుంటే ఆడ జల దాక్కోనుంటాదని మా నాయన చెప్తాండె” అన్నాడు. “ఆకుకు, మనిసికి, గుండురాయికి ఒకటే పేరా!” అని ఆకాశంలోకి చూశాడు. కాలేజీలో నాకు దొరకని తోడు ఇంట్లోనే దొరికినట్టయింది.

మా పక్క ఒక ఆనవాయితీ ఉండేది. బావిలో జల పడితే ఆ బావి ఆసామి చెప్పులు అక్కడే విడిచి, వట్టి కాళ్లతో ఇంటికి రావాలి. గంగమ్మ వచ్చిన నేల మీద చెప్పులతో నడవకూడదు. నోటితో చాటకూడదు కూడా. ఆయన కాళ్లు చూసి ఊరే తెలుసుకుంటుంది, ఇంట్లోవాళ్లు గడప దగ్గర దీపం పెడతారు. ఆ వేసవంతా నాయన పొలం నుంచి వస్తుంటే అరుగుల మీదివాళ్లు మొదట చూసేది ఆయన కాళ్లనే. రోజూ చెప్పులు టపటపలాడేవి.

నాకేమో ఇంట్లో చదువుకోవడానికి అమ్మ చేతులుండేవి. ఏళ్ల తరబడి చేంతాడు లాగిన చేతులు. ఇంట్లో నరాలంటామే, ఆ సిరలు ఉబ్బి, మణికట్టు నుంచి వేళ్లదాకా పాయలుగా చీలి ఉండేవి. వాటి మీద వేలితో గీస్తూ, ఇది ఆకులో ఇట్లా ఉంటుంది, ఇది గుట్టలో ఇట్లా ఉంటుంది అని చెప్పేదాన్ని. “నా చేతుల్లో ఏం పాఠముండాదే? పో, పోయి పొయ్యి ఎగదొయ్యి” అని కసిరేది. కసిరేదే కానీ చెయ్యి మాత్రం లాక్కునేది కాదు.

ఎండలు ముదిరాక ఊరంతా చెరువులో తవ్విన చెలమల నీళ్లే తాగింది. ఒక పొద్దున అమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు అడిగింది. నాయన వాళ్లమ్మ, మా అవ్వ, చెంబు దూరంగా జరిపింది. “బొక్కపడిన కుండకు నీళ్లు పోస్తే నిలబడతాయా? తాపేకొద్దీ పోతాది. కడుపు ఎండనీండి, అదే కట్టుకుంటాది” అంది. అవ్వకు కోడలంటే ప్రాణం. నీళ్లను చుక్క చుక్క కాచుకొని బతికిన మనిషికి అంతకన్నా మంచి మందు తోచలేదు. ఇరుగుపొరుగు కూడా అంతే అన్నారు. నాయన బావిలోంచి పైకి వచ్చేసరికి అమ్మ గొంతు పీలగా అయిపోయింది, కళ్లు లోపలికి పోయాయి. జట్కా కట్టించి టౌను ఆసుపత్రికి తీసుకెళ్లాం.

నర్సమ్మ అమ్మ చేతి మీద చర్మం పట్టి వదిలింది. అది మడతపడి అట్లాగే నిలబడింది. “నీళ్లు తాపలేదా? మనిసి ఎండిపోయినాదే! సెలైను ఎక్కియ్యల్లంటే నరం దొరకల్ల గదప్పా!” అని కేకలేసింది. రబ్బరు గొట్టం బిగించి, తట్టి, తడిమి సూది వేసింది. దొరకలేదు. ఇంకో చెయ్యి చూసింది. కాలు కూడా చూసింది.

నేను అమ్మ చేతినే చూస్తున్నాను. చేంతాళ్లలాంటి ఆ నరాలు ఒక్కటీ లేవు. నేను వేలితో గీసిన దారులన్నీ చెరిపేసినట్టు చదునుగా ఉంది చెయ్యి. ఒకప్పుడు ఇక్కడ పారింది, ఆగిపోయింది. సారు మాట గుర్తొచ్చింది. అమ్మ లేకుండా ఇల్లెట్లా ఉంటుందో ఊహించబోయి, చేతకాక కళ్లు మూసుకున్నాను.

“ఏమప్పా, ఈమె చెయ్యి మంచం కిందికి యాలాడేసి పట్టుకో. వదలద్దు” అంది నర్సమ్మ నాయనతో. నలుగురిలో అమ్మ పక్కన కూర్చోవడానికే సిగ్గుపడే మనిషి, వార్డంతా చూస్తుండగా నేల మీద చతికిలబడి రెండు చేతులతో అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. నర్సమ్మ వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టింది. కాసేపటికి గుడ్డ విప్పి, ముఖం దగ్గరగా వంచి, మెల్లగా సూది దించింది.

సూది మొదట్లో ఎర్రటి చుక్క లేచింది.

“దొరికినాది” అంది నర్సమ్మ. పైన సీసాలో ఒక బుడగ లేచింది, వెనకే ఇంకోటి. నాయన మెల్లగా లేచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఎర్రచుక్కనే చూస్తూ కుడికాలి చెప్పు విడిచాడు, తర్వాత ఎడమది. వట్టి కాళ్లతో సిమెంటు నేల మీద చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఎందుకు విడిచాడో ఆ వార్డులో నాకొక్కదానికే తెలుసు. అంతసేపు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మర్నాటికి అమ్మ చేతి మీద ఒక నీలి గీత లేచింది. నేను దాని మీద వేలు పెడితే, “ఈడ కూడా పాఠమేనా?” అంది. అంత చిన్న గొంతును అంత ఆశగా నేనెప్పుడూ వినలేదు. టౌనులో ఉండే మా మేనత్తను అమ్మ దగ్గర ఉంచి, బట్టలు తేవడానికి నాయనా నేనూ పల్లెకు బయలుదేరాం. ఆయన చెప్పుల సంగతే మరిచిపోయాడు. నేనూ గమనించలేదు.

బస్సు దిగి మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి ఊళ్లోకి వచ్చాం. అరుగు మీద కూర్చున్న ఒకాయన దిగ్గున లేచాడు. “అన్నా! వట్టి కాళ్లతో వస్తాండావే! జల పడినాదా?”

ఆ మాటకు ఇళ్లల్లోంచి ఆడవాళ్లు బయటికి వచ్చారు. నాయన తలవంచి తన కాళ్లకేసి చూసుకున్నాడు. కాదంటాడనుకున్నాను.

“పడినాదప్పా” అన్నాడు.

“యాడ? తెల్లరాయి పక్కనేనా?”

“బావిలో కాదప్పా. మా ఆడమనిసి చేతిలో పడినాది” అని, ఊరందరి ముందూ భోరుమన్నాడు.

బావిలో ఆ ఏడు చుక్క పడలేదు. ఆ రోజు మాత్రం అవ్వ లోపలికి వెళ్లి, పట్టపగలు గడప దగ్గర దీపం పెట్టింది.