అరటిపళ్ళతో పెరిగిన బరువు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మిలటరీ సెలక్షన్ అంటే ఎత్తు, తూకం, ఛాతీ, పరుగు, అంతే. నీకేం పని వచ్చని అడిగిన నాథుడే లేడు. మా చిన్నాన్నకు రేడియోలంటే ప్రాణం. మిలటరీలో చేరి వైర్‌లెస్ పని నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. కానీ మనిషి బక్కపలచన, బరువు చాలదు.

అప్పటి కుర్రాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు. సెలక్షన్ రోజు పొద్దున్నే అత్తం మీద అత్తం అరటిపళ్ళు మింగి, చెంబుల కొద్దీ నీళ్ళు తాగి తూకం ఎక్కాడు. గట్టెక్కాడు కూడా. ఆ వెంటనే పరుగు పెట్టారు. సగం దూరంలో అంతా కక్కుకుని కూలబడ్డాడు.

ఊరంతా నవ్వింది. ఒకప్పుడు హవల్దారుగా చేసిన మా తాతయ్య మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, "తూకం దగ్గర వాళ్ళని మోసం చేశాననుకున్నావు. ఆ బరువు మోసుకుని పరిగెత్తాల్సింది నువ్వేగా," అన్నాడు. మర్నాడు పొద్దున్నే లేపి కాలవగట్టు మీద పరుగు పెట్టించాడు. మరుసటి ఏడు చిన్నాన్న తన సొంత బరువుతోనే సెలెక్టయ్యాడు. కోరుకున్న పని దక్కడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నేను పరాయి దేశంలో, అత్లోన్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గరుంటున్నాను. నా మనవరాలు ఇక్కడి సైన్యంలో హెలికాప్టర్ మెకానిక్‌గా చేరతానంటోంది. ఏ పనో ముందే కోరుకోవచ్చట, జీతమిస్తూ నేర్పిస్తారట. మందుల కంపెనీలో ఇంజనీరైన మా అల్లుడు ఒక్కసారి ప్రయత్నించడానికే ఒప్పుకున్నాడు. ఉద్యోగం రాకపోతే ఆయన చెప్పిన కాలేజీలో చేరాలి. ఆ భయంతో పిల్ల, ఇంటర్వ్యూ కోసం ఫోన్‌లోని ఏఐ రాసిచ్చిన పెద్దపెద్ద జవాబులు బట్టీ పడుతోంది.

చిన్నాన్న సంగతి చెప్పాను. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే. పడీపడీ నవ్వి, కాసేపటికి ఫోన్ పక్కన పెట్టేసింది.

నిన్న ఇంటర్వ్యూ అయింది. ఎలా చేశావంటే "గ్రాండ్, అమ్మమ్మా," అంది, బాగానే అయిందని చెప్పడానికి ఇక్కడివాళ్ళు అనే మాట. ఒక ప్రశ్నకు తెలియదని చెప్పేసిందట. మరెలా తెలుసుకుంటావని వాళ్ళు అడిగితే, తాను గడ్డి కోసే పాత లాన్‌మోవర్ విప్పి బాగుచేసిన వైనం చెప్పిందట.

ఫలితం ఇంకా రాలేదు. ఉద్యోగం వస్తే సంతోషం. రాకపోతే, ఒక్కసారే అన్న అల్లుడి మాట నేను సాగనివ్వను. పడ్డవాళ్ళను మర్నాడు పొద్దున్నే లేపాలని నాకు నేర్పింది మా తాతయ్య.