కిబిరాంగో వానపాములు, అత్తగారి కోడి

మా కిబిరాంగోకు పనంటే శ్రద్ధ ఎక్కువ, తొందర అంతకంటే ఎక్కువ. తండ్రి వదిలిపోయిన అరటితోట వాడి చేతిలో చిక్కి శల్యమైంది. మసాకా పట్నానికి పోయే రోడ్డు మీద నడిచేవాళ్ళు కూడా ఆ గెలలు చూసి జాలిపడేవాళ్ళు. వానపాముల ఎరువు వేస్తే తోట తేరుకుంటుందని ఎవరో చెప్పారు. అంతే, పాత ప్లాస్టిక్ తొట్టికి చిల్లులు పొడిచి, ఎండిన అరటాకులు పరిచి, ఎక్కడినుంచో గుప్పెడు ఎర్రటి వానపాముల్ని తెచ్చి వదిలాడు.

మొదటిసారి పచ్చిపేడ వేశాడు. అది వేడెక్కి, వానపాములు గోడలెక్కాయి. ఒకటి వాడి భార్య నబోసా చెప్పులో దొరికింది. తర్వాత అనాస తొక్కలు కుమ్మరిస్తే పులిసిపోయి చీమలు పట్టాయి. చివరికి బుద్ధొచ్చి, మాగిన పేడ, అరటి తొక్కలు కొద్దికొద్దిగా వేసి, పైన తడి గోనె కప్పాడు. ఎండ తగలకూడదని తొట్టిని ముందు గదిలోనే మూలన పెట్టాడు. రోజూ పొద్దున్నే గోనె ఎత్తి, "రాత్రి బాగా గడిచిందా? ఇంట్లో అందరూ కులాసానా?" అని పలకరించేవాడు.

"తింటున్నాయిరా, వాటికి జవాబు చెప్పే తీరికెక్కడిది?" అనేవాణ్ణి నేను.

ఈలోగా వాళ్ళ అత్తగారినుంచి కబురొచ్చింది. కవలల్ని కన్న తల్లి కనక ఊరంతా ఆమెను నాలొంగో అనే పిలుస్తుంది. "తోట చూడ్డానికి వస్తున్నా. బాగుపడే జాడ లేకపోతే నా కూతుర్ని తీసుకుపోతా. పస్తులుండటానికి కనలేదు దాన్ని," అని. కిబిరాంగోకు అన్నం సయించలేదు. ఎరువు వేసిన వంటింటి పక్క మొక్కలు మాత్రమే నిగనిగలాడుతున్నాయి, మిగతా తోటంతా అలాగే ఉంది.

నాలొంగో వచ్చింది, కానుకగా కోడిని తెచ్చింది. తోటంతా తిరిగి వచ్చి, కాళ్ళు కట్టిన కోడిని పక్కన పెట్టుకుని ముందు గదిలో చాప మీద కూర్చుంది. నబోసా నీళ్ళకోసం ఊటకు వెళ్ళింది. నేనూ, కిబిరాంగో గోడ అవతల నిలబడ్డాం. అత్త ఉన్న గదిలో అల్లుడు అడుగుపెట్టడం, ఆమెకు ఎదురుపడటం మాలో మహా తప్పు. మాది ఒకే వంశం, ఆమె నాకూ అత్తే. మాట్లాడాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. ఎవరూ లేరు కనక గుంజకు కట్టిన మేకే దిక్కయింది.

"మేకా, అత్తమ్మగారు బాగా అలిసిపోయారేమో అడుగు," అన్నాడు కిబిరాంగో.

"మేకా, నడుంనొప్పి తప్ప అంతా బాగేనని చెప్పు. తోట మాత్రం బాగాలేదని కూడా చెప్పు," అంది లోపల్నుంచి.

అంతలో గోనె గీరుతున్న చప్పుడు. కిబిరాంగో నా చెయ్యి పట్టుకుని, "అన్నా, కోడి కట్టు తెంచుకుంది!" అన్నాడు. వెంటనే గోడవైపు తిరిగి అరిచాడు. "మేకా! ఆ కోడిని పట్టుకోమను!"

"నేను తెచ్చిన కోడి అల్లుడుగారికి నచ్చలేదా, మేకా?"

"నచ్చింది! మహా బాగా నచ్చింది! దానికి నా వానపాములు నచ్చాయి, అదే నా బాధ!"

లోపల ఓ కేక. "ఇదేం చోద్యం! ఇంట్లో పురుగుల్ని పెంచుతున్నాడా!"

"వంటింటి పక్క మొక్కలు చూశారు కదా, వీటి చలవే అది. ఇవి పోతే తోట పోతుంది, తోట పోతే నబోసా..." వాడి కాలు గడపవైపు లేచింది. నేను చొక్కా పట్టి వెనక్కి లాగాను.

"లోపలికెళ్ళావో, తోట సంగతేమో గానీ పెళ్ళాం ఇప్పుడే పోతుంది!"

దబ్బుమని ఏదో పడింది. కోడి ఎగిరి గుమ్మంలోంచి బయటపడింది, ముక్కున ఓ వానపాము వేలాడుతోంది. కాసేపటికి లోపల్నుంచి, "మేకా, కిందపడ్డవాటిని ఏం చెయ్యాలట?"

"ఎత్తి తొట్టిలో వెయ్యమను. మెల్లిగా."

"జారిపోతున్నాయి."

"గుప్పెడు ఎరువుతో కలిపి ఎత్తమను."

"ఆఁ, వచ్చింది. ఇదిగో ఇంకోటి. ఎక్కడికే నువ్వు, ఆగు! గోనె ఎండిపోయింది. కిబిరాంగో, నాయనా, నీళ్ళెన్ని చల్లమంటావు?"

వాడు కొయ్యబారిపోయాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ నోట వాడి పేరు వినలేదు. నేను గుంజ వైపు చూశాను, తాడు మాత్రమే ఉంది. మేక ఎప్పుడు వెళ్ళిందో, వంటింటి పక్క అరటాకులు నములుతోంది.

"గోనె తడిస్తే చాలమ్మా," అన్నాడు వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రం నబోసా బట్టల మూట కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వెక్కడికే?" అంది తల్లి. "ఆ తొట్టి ఎవరు చూస్తారు? వాణ్ణి నమ్మితే మళ్ళీ పచ్చిపేడ వేస్తాడు." మూట లాక్కుని లోపలికి విసిరి, అరటాకులో పొట్లం కట్టిన కాసిని వానపాముల్ని తన బుట్టలో సర్దుకుంది.

వాకిట్లోకి వచ్చి, ఖాళీ గుంజవైపు తిరిగింది. "మేకా, మళ్ళీ నెల వస్తాను. ఈలోగా ఆ కోడిని కోసుకు తినమని అల్లుడుగారితో చెప్పు."

"అలాగేనమ్మా, చెప్తాను," అన్నాడు కిబిరాంగో గోడ వెనకనుంచి.